అర సెకను చదువు

కుక్కపిల్ల ఇంటికొచ్చిన మొదటి సాయంత్రమే మన ఇళ్ళల్లో ఒక తంతు జరుగుతుంది. చుట్టుపక్కల పిల్లలంతా మూగుతారు. ఒకడు చేయి చాపి "షేక్ హ్యాండ్" అంటాడు. కుక్కపిల్ల ఆ వేళ్ళు నాకుతుంది. వాడు గొంతు పెంచి "షేక్ హ్యాండ్, షేక్ హ్యాండ్" అంటాడు. అది తోకాడిస్తుంది. ఇక లాభం లేదని వాడే దాని ముందుకాలు పట్టుకుని రెండుసార్లు ఊపేసి, "వచ్చేసింది!" అని అరుస్తాడు. చప్పట్లు. ఆ గోలంతా సద్దుమణిగాక ఎవరో వంటింట్లోంచి బిస్కెట్టు తెచ్చి పెడతారు.

ఇంత హడావిడిలో కుక్కపిల్ల నేర్చుకున్నదేమిటి? ఆ మాటకీ తన కాలికీ ఏదో సంబంధం ఉందని దానికి తెలిసే దారే లేదు. కాలు ఎత్తింది అది కాదు, పిల్లాడు. బిస్కెట్టు వచ్చేసరికి అది చప్పట్లకి బెదిరి సోఫా కిందికి దూరబోతోంది. అది లెక్కంటూ కట్టుకుంటే, సోఫా వైపు వెళితే తినడానికి దొరుకుతుందని కట్టుకుంటుంది. మనం ఒకటి నేర్పామనుకుంటాం, అది ఇంకొకటి నేర్చుకుంటుంది.

కుక్కపిల్లకి ఆటలు నేర్పేటప్పుడు మాటకీ గొంతుకీ అధికారానికీ మనం అనుకునేంత పని లేదు. పనంతా వేళదే. అది చేసిన పనికీ దానికి దక్కిన ఫలానికీ మధ్య ఎంత ఎడం ఉంది? పాఠం ఎన్ని నిమిషాలు సాగింది? పాఠానికీ పాఠానికీ మధ్య ఎన్ని రోజులు గడిచాయి? పిల్లకి ఎన్ని వారాల వయసు? జంతువులు ఎలా నేర్చుకుంటాయో తెలుసుకోవడానికి నూట పాతికేళ్ళుగా జరిగిన ప్రయోగాల్లో చాలావాటిని ఈ ప్రశ్నల కింద సర్దేయవచ్చు.

1898లో అమెరికాలో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే కుర్ర పరిశోధకుడు ఆకలితో ఉన్న పిల్లుల్ని చెక్కపెట్టెల్లో పెట్టి, బయట తిండి ఉంచాడు. లోపల తాడు లాగితేనో మీట నొక్కితేనో తలుపు తెరుచుకుంటుంది. పిల్లి గీరుతుంది, కొరుకుతుంది, అటూ ఇటూ దూకుతుంది. ఆ గందరగోళంలో ఎప్పుడో కాలు మీటకు తగిలి బయటపడుతుంది. మళ్ళీ పెడితే కాస్త త్వరగా వస్తుంది, మళ్ళీ పెడితే ఇంకాస్త త్వరగా. కిటుకు ఒక్కసారిగా తలకెక్కిన దాఖలా ఆయనకి ఎక్కడా కనిపించలేదు. కుక్కల్ని పెట్టి చూసినా అంతే. ఫలితం దక్కిన కదలిక నిలుస్తుంది, దక్కనిది మెల్లగా రాలిపోతుంది. అయితే ఒక షరతు. కదలిక వెంటనే తలుపు తెరుచుకోవాలి.

పిల్లి తనంతట తాను మీట తాకేదాకా కూర్చోవడం పరిశోధకుడికి కుదురుతుంది గానీ ఇంటి యజమానికి కుదరదు. ఈ చిక్కు 1943లో, యుద్ధం నడుస్తుండగా, మిన్నియాపొలిస్‌లోని ఒక పిండిమిల్లు పై అంతస్తులో విడిపోయింది. మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్, ఆయన శిష్యులు అక్కడ బాంబులకు దారి చూపేలా పావురాలను తయారుచేసే పనిలో ఉన్నారు. ప్రభుత్వం ఎటూ తేల్చకపోవడంతో ఊరికే కూర్చున్న ఒకరోజు, పావురానికి ముక్కుతో బంతిని కొట్టడం నేర్పుదామనుకున్నారు. కొట్టగానే గింజ వేద్దామని కాచుకుని ఉన్నారు. అది కొట్టదే! సరే, బంతి వైపు చూసినా చాలు, గింజ వేద్దామనుకున్నారు. చూసింది, వేశారు. తర్వాత మెడ చాపితేనే వేశారు. ఆ తర్వాత ముక్కు తగిలితేనే. కొద్ది నిమిషాల్లో పావురం బంతిని గోడలకేసి బాదడం మొదలుపెట్టింది. పూర్తి పని కోసం కాచుకోకుండా, దాని పోలిక ఏ కాస్త కనిపించినా పట్టుకుని, మెట్టు మెట్టుగా పైకి తీసుకుపోవడం అనే పద్ధతి అలా చేతికి చిక్కింది. ఇవాళ సినిమాల్లో కుక్కలు చేసే విన్యాసాల వెనక ఉన్నదీ ఇదే.

1951లో స్కిన్నర్ సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో, జంతువులకు ఎలా నేర్పాలో మామూలు పాఠకులకు అర్థమయ్యేలా ఒక వ్యాసం రాశాడు. జేబులోంచి తిండి తీసి ఇచ్చేలోపే ఆ క్షణం జారిపోతుంది కాబట్టి, ముందు ఒక శబ్దం వినిపించాలన్నాడు. అందుకు ఆయన ఎంచుకున్న సాధనం చవక దుకాణాల్లో దొరికే, నొక్కితే టక్కుమనే రేకుబొమ్మ. మన తిరునాళ్ళలో పిల్లలు కొనుక్కొచ్చి ఇంటిల్లిపాది చెవులూ చిల్లులు పొడిచే రేకు కప్ప ఆ జాతిదే. పెట్ షాపుల్లో క్లిక్కర్ అని అమ్మే ప్లాస్టిక్ ముక్క ఆ కప్పకి మనవడు.

ఈ పద్ధతికి అసలు పరీక్ష సముద్ర జీవుల దగ్గర జరిగింది. 1960లలో హవాయిలోని సీ లైఫ్ పార్క్‌లో కారెన్ ప్రయర్ అనే ఆమె డాల్ఫిన్లకు ఆటలు నేర్పేది. డాల్ఫిన్ మెడకి గొలుసు వేయలేం. వీపు మీద ఒక్కటి వేయలేం. కసురుకుంటే తోక ఊపుతూ అవతలి ఒడ్డుకి ఈదిపోతుంది. చేతిలో ఉన్నవి ఒక ఈల, ఒక బకెట్టు చేపలు, అంతే. అవి చాలాయి. బలవంతం అసలు కుదరని చోట బలవంతం లేకుండానే అంత పని జరిగినప్పుడు, చేతికింద ఉండే కుక్కకి బెత్తం దేనికని ఆమె తర్వాత పుస్తకం రాసి మరీ అడిగింది. నన్నడిగితే కుక్కల శిక్షణలో గత యాభై ఏళ్ళలో వచ్చిన పెద్ద మార్పు ఈ ప్రశ్న నుంచే పుట్టింది.

టక్కుమనే ఆ శబ్దం, ఫొటో తీసినట్టు, ఒక క్షణాన్ని పట్టి ఉంచుతుంది. "ఇదిగో, ఈ కదలికకే నీకు తాయిలం" అని చెప్పేస్తుంది. తాయిలం రెండు మూడు సెకన్లు అటూ ఇటూ అయినా నష్టం లేదు. శబ్దం మాత్రం అర సెకను ఆలస్యమైనా కాలు ఎత్తినందుకు కాకుండా దించినందుకు మెచ్చుకున్నట్టవుతుంది. అలాగని క్లిక్కర్ మీద మరీ భక్తి పెంచుకోనక్కర్లేదు. 2016లో ఇటలీ పరిశోధకులు 51 కుక్కలను మూడు జట్లు చేశారు. ఒక జట్టుకి క్లిక్కర్‌తో, ఒక జట్టుకి నోటి మాటతో, ఇంకో జట్టుకి నేరుగా తిండితో ఒకే పని నేర్పి చూస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కాబట్టి వస్తువు ముఖ్యం కాదు. నాలుకతో "టక్" అన్నా, "యస్" అని పొట్టిగా ఒకే స్వరంతో అన్నా సరిపోతుంది. "అబ్బో నా బంగారం, ఎంత బాగా చేశావురా" అని సాగదీస్తే మాత్రం పనికిరాదు. ఆ వాక్యం పూర్తయ్యేలోపు కుక్కపిల్ల నాలుగు పనులు చేసి ఉంటుంది. వాటిలో దేన్ని మెచ్చుకున్నారో దానికెలా తెలుస్తుంది?

ఆ అర సెకనులో మెదడులో ఏం జరుగుతుందో కొంత తెలుసు. 1990లలో వుల్ఫ్రామ్ షుల్ట్జ్ అనే శాస్త్రవేత్త కోతుల మెదడులో డోపమిన్ అనే రసాయనాన్ని విడుదల చేసే నాడీకణాల చప్పుడు విన్నాడు. కోతి నోట్లో అనుకోకుండా పండ్లరసం చుక్క పడితే ఆ కణాలు ఒక్కసారిగా చెలరేగేవి. రసానికి ముందు ప్రతిసారీ ఒక గుర్తు చూపిస్తూ పోతే, కొన్నాళ్ళకి కణాలు రసం పడినప్పుడు చెలరేగడం మానేసి, గుర్తు కనపడగానే చెలరేగడం మొదలుపెట్టాయి. గుర్తు చూపించి రసం ఇవ్వకపోతే, రసం రావాల్సిన సరిగ్గా ఆ క్షణానికి వాటి సందడి మామూలు కంటే పడిపోయింది. అంటే ఆ కణాలు లెక్కపెడుతున్నది రుచిని కాదు, అనుకున్నదానికీ అందినదానికీ ఉన్న తేడాని. ఈ ఏర్పాటు క్షీరదాలన్నిటిలోనూ దాదాపు ఒకే తీరుగా ఉంటుందని శాస్త్రవేత్తల భావన. ఆట వచ్చేశాక ప్రతిసారీ ఒకే బిస్కెట్టు ముక్క ఇస్తుంటే పిల్లకి హుషారు తగ్గడం, ఒకసారి ఏమీ ఇవ్వక మరోసారి గుప్పెడు ఇస్తే కళ్ళు మెరవడం దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

ఇక ఆ షేక్ హ్యాండ్‌నే మొదటి నుంచి నేర్పుదాం. ఉడికించిన కోడిమాంసాన్ని శనగగింజంత ముక్కలు చేసి ఒక గిన్నెలో పక్కన పెట్టుకోండి. ఫ్యాను చప్పుడు తప్ప వేరే సందడి లేని గదిలో, నేల మీద చాప వేసుకుని, పిల్లకి ఎదురుగా కూర్చోండి. ఒక ముక్క పిడికిట్లో మూసి, దాని ఛాతీ ఎత్తులో ముందు పెట్టండి. నోరు మెదపకండి. మొదట అది వాసన చూస్తుంది. తర్వాత నాకుతుంది. పళ్ళతో మెల్లగా గీరుతుంది. మీరు చేయి తెరవరు. పది, పదిహేను సెకన్లకి దానికి విసుగొస్తుంది. వెనక్కి జరిగి మీ మొహంలోకి చూస్తుంది. కాసేపాగి మళ్ళీ వస్తుంది. ఈసారి భుజం కొంచెం కదులుతుంది, ఒక ముందుకాలు నేల మీంచి బెత్తెడు లేస్తుంది. టక్! చేయి తెరిచి ముక్క ఇవ్వండి.

దానికి ఇంకా ఏమీ అర్థం కాలేదు. రెండోసారీ నాకుడే. మూడోసారి నాకుడు తగ్గి కాలు కాస్త తొందరగా లేస్తుంది. పిడికిలికి కాలు తగిలిన క్షణాన టక్ అనండి. ఇలా ఏడెనిమిదిసార్లు అయ్యేసరికి చాలా పిల్లలు పిడికిలి కనపడగానే కాలు వేస్తాయి. అప్పుడు పిడికిలి ఖాళీగా పెట్టండి, ముక్క రెండో చేత్తో ఇవ్వండి. ఇది దాటవేయకూడని మెట్టు. దాటవేస్తే చేతిలో తిండి కనిపిస్తేనే మాట వినే కుక్క తయారవుతుంది. తర్వాత పిడికిలి విప్పి అరచేయి చాపండి. కాలు అరచేతిలో పడుతున్నదని మీకు నమ్మకం కుదిరాక, అప్పుడు మాత్రమే, చేయి చాపడానికి ఒక్క క్షణం ముందు మాట చెప్పండి. చూశారా, మన పిల్లాడు అన్నిటికన్నా ముందు చేసిన పని అన్నిటికన్నా చివర చేయాల్సినది.

ఏ మాట చెప్పాలన్నది మీ ఇష్టం. మన ఊళ్ళల్లో కుక్కలతో ఇంగ్లీషులో మాట్లాడటం ఆచారం. ఇంట్లో ఎవరితోనూ ఇంగ్లీషు మాట్లాడని తాతగారు కూడా కుక్కని "సిట్" అనే అంటారు. కుక్కకి ఏ భాషైనా ఒకటే. తాతగారు "సిట్", అమ్మ "కూచో", పిల్లాడు "సిట్ డౌన్ రా" అంటేనే చిక్కు. మూడు మాటలూ మూడు వేరే సంగతులనుకుని అది నిలబడి ముగ్గురినీ మార్చి మార్చి చూస్తుంది. నిజానికి దాని మొదటి నమ్మకం మాట మీద కాదు, చేతి మీద. నేపుల్స్ పరిశోధకులు, మునిగిపోయేవాళ్ళను కాపాడటానికి శిక్షణ పొందిన లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్ కుక్కలకు నోటితో ఒకటి, చేత్తో మరొకటి చెప్పి చూశారు. రెండూ ఢీకొన్నప్పుడు అవి ఎక్కువగా చేతి సైగనే నమ్మాయి. ముందు సైగ, తర్వాత మాట అన్న వరస కుక్క స్వభావానికి సరిపోయే వరస.

పిల్లకి ఆట అందుతోందని మనకి ఉత్సాహం పెరిగి గంటసేపు కూర్చోబెడతాం. ఇక్కడే పాఠం చెడుతుంది. మూడు నిమిషాలు, మహా అయితే ఐదు. డెన్మార్క్ పరిశోధకులు 44 బీగిల్ కుక్కలకు ఒక బుట్టలోకి వెళ్ళి అక్కడే ఉండటం నేర్పారు. కొన్నిటికి వారానికి ఒకటి రెండు రోజులు, కొన్నిటికి రోజూ. కొన్నిటికి పూటకి ఒక పాఠం, కొన్నిటికి వరసగా మూడు. వారానికి ఒకటి రెండు రోజులు, ఒక్కో పాఠంతో సరిపెట్టిన కుక్కలు అన్నిటికన్నా తక్కువ పాఠాల్లో నేర్చుకున్నాయి. రోజూ మూడేసి చొప్పున రుద్దించుకున్నవే వెనకబడ్డాయి. నాలుగు వారాల తర్వాత చూస్తే ఎవరూ మర్చిపోలేదు. క్యాలెండరు ప్రకారం ఎడంగా నేర్చినవాటికి ఎక్కువ రోజులు పట్టిన మాట నిజమే. కానీ మనకేం పరీక్ష ముంచుకొస్తోందని?

ఎడం ఎందుకు మేలు చేస్తుందనేదానికి ఒక ఆధారం నిద్రలో దొరికింది. బుడాపెస్ట్‌లో కుక్కల మీద పనిచేసే పరిశోధకులు 2017లో తమాషా ప్రయోగం ఒకటి చేశారు. హంగేరియన్‌లో "కూర్చో", "పడుకో" తెలిసిన కుక్కలకు అవే పనులు ఇంగ్లీషు మాటలతో నేర్పారు. మన తాతగారి పని వాళ్ళు లాబొరేటరీలో చేశారన్నమాట. తర్వాత వాటి తలకు తీగలు అంటించి నిద్రపుచ్చితే, పాఠం విన్న రోజు నిద్రలో మెదడు తరంగాలు పాఠం లేని రోజు కంటే వేరుగా ఉన్నాయి. ఆ మార్పుకీ, లేచాక మాట ఎంత గుర్తుందనేదానికీ సంబంధం కనిపించింది. అదే బృందం, పాఠం అయ్యాక కొన్నిటిని నిద్రపోనిచ్చి, కొన్నిటిని నడకకి తీసుకెళ్ళి, కొన్నిటితో ఆడించి, కొన్నిటికి వెంటనే ఇంకో కొత్త పాఠం చెప్పింది. వారం తర్వాత వెనకబడినవి ఆ కొత్త పాఠం విన్నవే.

ఆటకీ ఇందులో వాటా ఉంది. అదే ఏడాది ఇంగ్లండులో 16 లాబ్రడార్లకు రెండు వస్తువుల మధ్య తేడా గుర్తుపట్టడం నేర్పారు. పాఠం అవగానే సగం కుక్కలను అరగంటసేపు ఆడించారు, సగాన్ని ఊరికే పడుకోబెట్టి నిద్రపోకుండా చూశారు. మర్నాడు అదే పాఠం మళ్ళీ పెడితే, ఆడుకున్నవాటికి సగటున 26 ప్రయత్నాలు పట్టాయి, ఆడనివాటికి 43. మన బడుల టైంటేబుల్ వేసేవాళ్ళకి ఈ కాగితం ఎవరైనా పంపిస్తే బాగుండు.

"ఆరు నెలలు నిండనీయండి, అప్పుడు ట్రైనర్‌ని పిలుద్దాం" అనే మాట మన దగ్గర ఇంకా వినిపిస్తుంది. ఇది పాతకాలపు సైనిక, పోలీసు కుక్కల శిక్షణ నుంచి వచ్చిన అలవాటు. మెడకి బిగుసుకునే గొలుసు వేసి గుంజే పద్ధతిని లేత మెడ తట్టుకోలేదు, కాబట్టి ఆగాలి. గుంజడమే లేకపోతే ఆగడం దేనికి? పైగా ఆగితే నష్టం. అమెరికాలోని బార్ హార్బర్‌లో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ ఏళ్ళ తరబడి కుక్కపిల్లలను పెంచి గమనించి 1965లో పుస్తకం వేశారు. మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా ఉండే కాలంలో పిల్ల ఎవరిని చూస్తే వాళ్ళని తనవాళ్ళుగా నమ్ముతుందని తేల్చారు. అక్కడే జరిగిన మరో ప్రయోగంలో, పద్నాలుగు వారాల వరకు మనిషి స్పర్శ లేకుండా పెరిగిన పిల్లలు ఆ తర్వాత ఎంత బుజ్జగించినా మనుషుల్ని చూసి అడవి జంతువుల్లా పారిపోయాయి. ఆ వారాల్లో ఆడించే ప్రతి ఆటా కుక్కకి మనిషి అంటే ఏమిటో నేర్పే పాఠం.

ఎనిమిది వారాల పిల్లకి ఎంత తెలుస్తుందో చూస్తే ఆశ్చర్యమే. 2021లో అమెరికాలో, సేవాకుక్కలుగా పెంచుతున్న 375 పిల్లలను ఆ వయసులో పరీక్షించారు. మనిషి వేలు చూపిన వైపు వెళ్ళి తిండి వెతుక్కోవడం వాటికి మొదటి ప్రయత్నం నుంచే వచ్చు. పిల్లకీ పిల్లకీ ఈ నేర్పులో ఉన్న తేడాలో నలభై శాతానికి పైగా పుట్టుకతో వచ్చినదని లెక్క తేలింది. 2018లో క్లాడియా ఫుగాజా బృందం చేసిన ప్రయోగంలో, మనిషి ఒక డబ్బా మూత తీయడం చూసిన ఎనిమిది వారాల పిల్లలు, చూడనివాటి కంటే బాగా దాన్ని తెరిచాయి. గంట తర్వాత కూడా గుర్తుపెట్టుకున్నాయి. కాబట్టి మీ పిల్ల ఎదుట ఫ్రిజ్ తలుపు తీసేటప్పుడు కాస్త ఆలోచించుకోండి.

ఆరు నెలలు ఆగాల్సినవి నిజంగానే కొన్ని ఉన్నాయి, ఇంకా ఎక్కువే ఆగాలి. వెనక కాళ్ళ మీద నిలబెట్టడం, ఎత్తు నుంచి దూకించడం, రింగులోంచి ఎగిరించడం లాంటివి. ఎముకల చివర పెరిగే లేత భాగం పెద్ద జాతుల్లో ఏడాది, ఏడాదిన్నర దాకా గట్టిపడదు. నున్నటి టైల్స్ మీద జారుతూ పరిగెత్తించడం కూడా మంచిది కాదు. చాపో, పాత జంబుఖానానో వేయండి.

లేత పిల్లకి దాగుడుమూతలకి మించిన ఆట లేదు. ఒకరు పిల్లని పట్టుకుంటే ఇంకొకరు తలుపు చాటుకి వెళ్ళి దాని పేరు ఒక్కసారి పిలవాలి. వెతుక్కుంటూ వచ్చి మిమ్మల్ని పట్టుకున్న క్షణాన టక్, తాయిలం, ఒళ్ళు నిమరడం. పెద్దయ్యాక గేటు దాటి రోడ్డు మీదికి ఉరికిన కుక్క పిలవగానే వెనక్కి తిరగాలంటే దానికి పునాది ఈ ఆటే. అందుకే, పేరు పెట్టి పిలిచి స్నానం చేయించడం, గోళ్ళు తీయడం లాంటివి చేయకండి. ఆ పనులకి మీరే దాని దగ్గరికి వెళ్ళండి.

రెండోది వాసన ఆట. మూడు స్టీలు గ్లాసులు బోర్లించి ఒకదాని కింద ముక్క పెట్టండి. ముక్కుతో తడిమి సరైన గ్లాసు దగ్గర ఆగినప్పుడు ఎత్తి ఇవ్వండి. వానాకాలం బయటికి వెళ్ళలేని రోజునా, మే నెలలో తారురోడ్డు కాలే మధ్యాహ్నమూ ఇది పిల్లని హాయిగా అలసిపోయేలా చేస్తుంది. 2019లో షార్లెట్ డ్యూరాంటన్, అలెగ్జాండ్రా హొరోవిట్జ్ రెండు వారాలపాటు కొన్ని కుక్కలతో రోజూ వాసన వెతుకులాట ఆడించి, కొన్నిటికి యజమాని పక్కనే నడవడం నేర్పించారు. తర్వాత అన్నిటికీ, తిండి ఉందో లేదో తేలని చోట ఒక గిన్నె పెట్టి చూస్తే, ముక్కుకి పని చెప్పిన కుక్కలే ఆశగా ముందుకు ఉరికాయి.

గుడ్డపేలిక పట్టుకుని లాగులాడే ఆట మీద చాలామందికి భయం. కుక్క గెలిస్తే నెత్తికెక్కుతుందంటారు. బ్రిటన్‌లో నికోలా రూనీ, జాన్ బ్రాడ్‌షా 14 గోల్డెన్ రిట్రీవర్లతో దీన్ని పరీక్షించి 2002లో ప్రకటించారు. మనిషి గెలిచినా కుక్క గెలిచినా, తర్వాత ఇంట్లో పెత్తనం చేసే లక్షణాల్లో మార్పు రాలేదు. కాబట్టి గెలవనివ్వండి. పాలపళ్ళు ఊడే నాలుగైదు నెలల్లో మాత్రం గట్టిగా లాగకండి. ఆట మధ్యలో పన్ను మీ చర్మానికి తగిలితే పేలిక వదిలేసి నిమిషంపాటు ఆట ఆపేయండి. అరవక్కర్లేదు. ఆట ఆగిపోవడమే దానికి చాలినంత కబురు.

బంతి విసిరితే తెచ్చివ్వడం అన్ని పిల్లలకీ అబ్బదు. అక్కడ మీ నేర్పుని శంకించుకోకండి. స్కిన్నర్ శిష్యులైన కెల్లర్, మేరియన్ బ్రెలండ్ దంపతులు ప్రదర్శనల కోసం రకరకాల జంతువులకు ఆటలు నేర్పి, 1961లో తమ తిప్పలన్నీ ఒక వ్యాసంగా రాశారు. నాణేలు డబ్బాలో వేయడం నేర్చిన రకూన్ కొన్నాళ్ళకి వాటిని వేయకుండా రెండు చేతులా పట్టుకుని రుద్దుతూ కూర్చుంది, తిండిని కడుక్కున్నట్టు. పంది దారిలోనే నాణెం పడేసి మూతితో తవ్వడం మొదలుపెట్టింది. తాయిలం ఎంత పెట్టినా పుట్టుబుద్ధి దారి మళ్ళించింది. తరతరాలుగా వేట పక్షుల్ని తెచ్చివ్వడానికి పెంచిన లాబ్రడార్ బంతి తెస్తుంది. మన వీధికుక్క పిల్ల బంతిని వాసన చూసి, తినేది కాదని తేల్చుకుని వచ్చేస్తుంది. దానికి గ్లాసుల ఆట పెట్టండి, మీ లాబ్రడార్‌ని ఓడిస్తుంది.

దండన గురించి ఎక్కువ చెప్పను. పోర్చుగల్‌లోని పోర్టో నగరంలో 92 కుక్కల మీద జరిగి 2020లో వెలువడిన పరిశోధన చాలు. గొలుసు గుంజి, అరిచి నేర్పే చోట శిక్షణ పొందిన కుక్కల లాలాజలంలో ఒత్తిడి హార్మోను పాఠం తర్వాత పెరిగింది. మరీ ఎక్కువగా దండించే చోట చదివినవి, తెలియని గిన్నె ఎదుట పెట్టినప్పుడు అందులో ఏమీ ఉండదన్నట్టు నిదానంగా నడిచాయి. ఆట నేర్పబోయి నిరాశ నేర్పడం ఎవరికి ముచ్చట?

తాయిలం విషయంలో రెండు జాగ్రత్తలు. రోజు మొత్తం తిండిలో అది పదో వంతు దాటకూడదు. పాయసంలోని కిస్‌మిస్, చాక్లెట్, ఉల్లి వెల్లుల్లి వేసిన కూరముక్క, చక్కెర లేని చూయింగ్ గమ్‌లో ఉండే జైలిటాల్ కుక్కలకు విషం. ఉప్పూ మసాలా లేని కోడిమాంసం, ఉడికిన గుడ్డు, క్యారెట్ ముక్క ఉండగా వాటి జోలికి పోనక్కర్లేదు. తాయిలం చూపినా మూతి పక్కకు తిప్పితే, నిద్ర రాకుండానే ఆవలిస్తే, తడవకుండానే ఒళ్ళు విదిలించుకుంటే ఆ పూటకి పాఠం ముగించండి.

ఇక్కడ చెప్పిన తెలివి ఏదీ ఖరీదైన జాతుల సొత్తు కాదు. కోల్‌కతాలోని ఐసర్ పరిశోధన సంస్థలో అనిందితా భద్ర బృందం, ఎవరూ పెంచని, ఎవరూ ఏమీ నేర్పని వీధికుక్కల ఎదుట రెండు గిన్నెలు పెట్టి, దూరం నుంచి ఒకదాని వైపు వేలు చూపింది. భయపడి దగ్గరికే రానివి చాలా ఉన్నాయి. వచ్చినవాటిలో దాదాపు 80 శాతం వేలు చూపిన గిన్నె దగ్గరికే వెళ్ళాయి. ఆ బృందమే పశ్చిమ బెంగాల్‌లో వీధి కుక్కపిల్లలను ఏళ్ళ తరబడి లెక్కపెడితే, ఏడు నెలలు నిండేదాకా బతికినవి 19 శాతమే. పిల్ల కోసం వేలకు వేలు పోసేముందు ఒకసారి మీ వీధి చివర చూడండి. కళ్ళు తెరిచీ తెరవని కూనని తల్లి నుంచి తెచ్చేయకండి, ఎనిమిది వారాలు నిండనివ్వండి. అమ్మేవాళ్ళకైనా అంతకన్నా ముందు అమ్మకూడదని 2017 నాటి కేంద్ర నిబంధన ఉంది. తెచ్చిన వారంలోనే పశువైద్యుడికి చూపించి టీకాల వరస మొదలుపెట్టండి. మూడో నెలలో వేయించాల్సిన రేబిస్ టీకా మాత్రం ఏ ఆట కోసమూ వాయిదా వేయకండి.